ఎర్తు

తాళం తిప్పాను.
టిక్.
అంతే.

అరవై ఒక్క రోజులు వేట లేక కూర్చున్న బోటు
నిషేధం తీరిన అర్ధరాత్రి
గొంతు సవరించుకోడానిక్కూడా ఒప్పుకోలేదు.

అటు పక్క చోడిపల్లి వాళ్ళ బోటు దగ్గింది, నల్లగా ఊసింది,
ఇటు పక్కది మొదటి తిప్పుకే అందుకుంది.
ఫిషింగ్ హార్బరు జెట్టీ పొడుగునా ఇంజన్లు లేస్తున్నాయి,
ఒక ఇంట్లో పిల్ల ఏడిస్తే వీధంతా పిల్లలు లేచినట్టు.
మాది మాత్రం
టిక్.

కింద గదిలో నూట ఎనభై ఐసు దిమ్మలు.
అవి ఎవరి తాళమూ అడక్కుండా
పని మొదలెట్టేశాయి. కారుతున్నాయి.

కలాసీలు తలో మాట.
"బాట్రీ సచ్చింది" అన్నాడు ఎర్రయ్య.
"డీజిల్లో నీళ్ళు" అన్నాడు వాడి బావమరిది.
"నిమ్మకాయి తొక్కించకుండా తిప్పినావు, అదీ సంగతి" అన్నాడు పోలిరాజు.
ఓనరు ఫోన్లో అన్నది ఇక్కడ రాయను.

కోటవీధి నుంచి పాత లూనా మీద
అసిరినాయుడు మేస్త్రి వచ్చాడు.
ఇంజను జోలికి పోలేదు. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
నన్నడిగాడు:
"టిక్కన్నాదా, టకటకలాడినాదా?"
"ఒక్క టిక్కే."
"మరోపాలి తిప్పు. లైటు మసకబారతందేటి సూడు."
లేదు. గంగమ్మ పటం మీది ఎర్ర బల్బు
కన్నార్పకుండా మమ్మల్నే చూస్తోంది.
"అయితే బాట్రీ బతికే ఉంది. దాన్ని మీరు సంపకండి."

గేరు కర్ర కదిపి చూశాడు.
స్టార్టరు మీద స్పానరు వెనకతో రెండు తట్టాడు,
నిద్రపోయేవాణ్ణి లేపినట్టు కాదు,
పుచ్చకాయ బేరమాడేవాడు తట్టినట్టు.
స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి రెండు బోల్టులు కలిపాడు.
నీలం రవ్వ ఒకటి
ఆయన కనుబొమ్మ దాకా ఎగిరి ఆరిపోయింది.
స్టార్టరు మూలిగింది. లేవలేదు.

అప్పుడు పనిముట్లన్నీ పక్కన పడేసి
ఉత్త చేత్తో మొదలుపెట్టాడు.
బాట్రీ నుంచి దిగిన నల్ల తీగ వెంట,
జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళు చూసినట్టు
వేలు వేలు జరుపుకుంటూ పోయి
ఇంజను పక్కన ఆగాడు.
"ఇక్కడ సెయ్యెట్టు."
చురుక్కుమంది.
"కరెంటు దాటనేక ఇక్కడే మరిగిపోతంది.
ఎర్తు అందట్లేదు. ఈ రంగెవుడేసినాడ్రా?"

నేనే.
మే నెల ఎండలో, చేతిలో పని లేక,
అప్పు బియ్యం తింటూ,
పూర్ణా మార్కెట్టులో బ్రష్షు కొని
తుప్పంతా గీకి రెండు పూతలు ఆకుపచ్చ ఎనామిలు.
తీగ విప్పి మరీ, బోల్టు కిందా, చుట్టూ,
ఎక్కడా ఇనుము కనపడకుండా.
కొత్త పెళ్ళికొడుకులా ఉందన్నారు అందరూ.
ఎర్రయ్య ఫోటో కూడా తీశాడు.

మేస్త్రి తిట్టలేదు.
జేబులోంచి గరుకు కాగితం ముక్క తీసిచ్చాడు.
"రూపాయి బిళ్ళంత. అంతే సాలు.
తళుక్కుమనేదాకా గీకు."

గీకుతూ అడిగాను,
నడి సముద్రంలో ఎర్తేంటి మేస్త్రీ, అక్కడ నేలెక్కడిది?
డాల్ఫిన్ కొండ మీది లైటు ఒకసారి చుట్టొచ్చి
ఆయన మొహం చూసి పోయింది.
"పేరు నాను పెట్టినానేటి?
ఎల్లింది తిరిగొచ్చే దారది. అంతే.
ఆ దారి లేపోతే అసలు బయల్దేరదు."

నేను గీకడం ఆపాను.
"ఆగీసినావేటి?" అన్నాడు.

బోల్టు బిగించాడు. తాళం తిప్పాను.
ఇంజను ఒక్కసారిగా లేచి అందర్నీ కుదిపింది,
పోలిరాజు చేతిలో టీ సగం ఒలికింది,
వాడు మాత్రం నిమ్మకాయ వల్లే అన్నాడు.

చిట్టచివర మేమే పోయాం.
అప్పటికి దిమ్మలు నూట అరవైకి సరిపోతాయేమో.

తెల్లారి నలభై బారల నీళ్ళ మీద
కిందికి దిగి చూశాను.
ఆకుపచ్చ ఒంటి మీద ఆ బిళ్ళ.
అంచున అప్పుడే ఉప్పు గాలికి సన్నటి గోధుమ గీత.
బ్రష్షు అక్కడే ఉంది, డబ్బాలో రంగూ ఉంది.
వేలితో కాస్త గ్రీజు రాసి
పైకొచ్చేశాను.